ఆడబిడ్డ పేరు

అమెజాన్ అడవిలో వోపెస్ నది ఒడ్డున ఒక ఊరు. అక్కడ ఒక్కో తెగది ఒక్కో మాట, బిడ్డకి తండ్రి మాటే సొంతం. వంటపాకలో అత్త ఓటీలియా, కొత్త కోడలు ఎడీల్జా కర్రపెండలం తురుముతున్నారు. మామ ఫిర్మీనో చేపల వేటకు వెళ్లాడు.

"...మీకు నవ్వుగా ఉంది కానీ అత్తయ్యా, పెళ్లైన దగ్గర్నుంచీ నాకు అన్నీ ముద్దుగానే కనిపిస్తున్నాయి. ఈ తురుముపలకతో సహా."

"వేలు తెగితే తెలుస్తుంది దాని ముద్దు. చూసుకుని తురుము."

"పొద్దున మీ అబ్బాయి నాకోసం పడవలో సగం అరటిపండు దాచాడు. మిగతా సగం తినేసినందుకు కోపం రావాలి కదా. రాలేదు."

"చిన్నప్పుడు నాకు తొక్క దాచేవాడు. నువ్వు అదృష్టవంతురాలివి. సరే, ఏదో చెబుతానన్నావు."

"మామయ్య వచ్చాక. అది ఆయనకి కానుక."

"చేపలు పడక చిరాగ్గా వస్తాడు. నాకు చెప్పు ముందు."

"మామయ్య తన భాషలో ఏదో ఒకటి అంటూనే ఉంటాడు కదా. కుక్కతో, పడవతో, పొయ్యితో."

"ఇంకెవరితో అంటాడు? వాళ్లన్న పోయాక ఊళ్లో తరియానా వచ్చినవాడు లేడు. నీ మొగుడికి అందులో తిట్లు తప్ప రావు. నేను ఇన్నేళ్లు కాపురం చేసినా నాది మా పుట్టింటి తుకానో నోరే."

"ఇవాళ ఆయనకి నేను బదులు చెబుతాను. తరియానాలో. నాకు వచ్చు అత్తయ్యా. బాగా వచ్చు. మీ అబ్బాయికి కూడా చెప్పలేదు, అందరికీ ఒకేసారి చెబుదామని."

"...ఆ గంప పక్కన పెట్టు."

"ఏమైంది?"

"పెట్టు. నువ్వు వనానోల పిల్లవి. మీ నాన్నది వనానో మాట. తరియానా నీకెక్కడిది?"

"నాన్నే నేర్పాడు. అడవిలో రబ్బరు పాలు తీసేటప్పుడు తోటివాడొకడు నేర్పాడట ఆయనకి. చేనుకెళ్లి తిరిగొచ్చేటప్పుడు పడవలో మేమిద్దరమే ఉంటే అదే మాట్లాడేవాడు. అమ్మ ముందు మాట్లాడేవాడు కాదు."

"ఎందుకని?"

"అడగలేదు. మా ఇద్దరి గుట్టు అనుకుని మురిసిపోయేదాన్ని."

"మీ నాన్న పోయేటప్పుడు జ్వరంలో ఏదైనా మాట్లాడాడా?"

"మాట్లాడాడు."

"ఏ మాట?"

"అదే. అమ్మ వనానోలో పలకరిస్తే ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. ఎందుకు అడుగుతున్నారు ఇవన్నీ?"

"నేర్చుకున్న మాటతో ఎవడూ చావడు పిల్లా. ఐదు మాటలు వచ్చినవాడైనా తండ్రి మాటతోనే చస్తాడు."

"నాన్నకి తండ్రి మా తాతే. వనానో తాత."

"పెంచాడా, కన్నాడా?"

"అమ్మ ఓసారి ఏదో అంది. చిన్నప్పుడు ఏట్లో కొట్టుకొచ్చిన పడవలో దొరికాడని. ఏడిపించడానికి అనేవాళ్లు అనుకున్నాను."

"మీ నాన్న నీకు పేరు పెట్టాడా? చర్చిలోది కాదు. చుట్ట పొగ ఊది, మంత్రించి పెట్టే పేరు."

"పెట్టాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"నాకు చెప్పు. గట్టిగా కాదు, చెవిలో."

"ఇటు వంగండి... అదీ. అత్తయ్యా. అత్తయ్యా, చేతికి రక్తం వస్తోంది, తురుముపలక వదలండి."

"అది నా ఆడబిడ్డ పేరు. మీ మామయ్య అక్కది. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలకి తప్ప ఇంకొకరికి పెట్టరు. దగ్గు జబ్బు ఊరిని ఊడ్చేసినప్పుడు వాడైనా బతకాలని ఆరేళ్ల చిన్నతమ్ముణ్ణి పడవలో పడుకోబెట్టి పంపేశారని మీ మామయ్య ఇప్పటికీ ఏడుస్తాడు. బతికాడని తెలీదు ఆయనకి."

"అంటే నాన్న..."

"నోటితో అనకు."

"అంటే మీ అబ్బాయి నాకు పెదనాన్న కొడుకు."

"అనొద్దన్నానా."

"నేను వెళ్లిపోతాను."

"ఎక్కడికి? ఒకే మాటవాళ్లు తోబుట్టువులు. కుక్కలు తప్ప అలా ఎవరూ కలవరని రెండేళ్ల పిల్లకి కూడా తెలుసు. ఏటి దిగువ ఊళ్లో అలాంటి జంట ఒకటి బయటపడింది. వాళ్లు పులియబెట్టిన కర్రపెండలం కల్లు ఎవరూ ముట్టలేదు. వాళ్ల బిడ్డకి ఎవరూ పేరు పెట్టలేదు. నువ్వు వెళ్లిపోయినా ఆ మచ్చ పోదు."

"బిడ్డ అనకండి అత్తయ్యా."

"ఏం? నెల తప్పిందా?"

"అదీ ఇవాళే చెబుదామనుకున్నాను. రెండూ కలిపి."

"...ఇలా రా. ఏడవకు, ఏడ్చిన కళ్లు నీ మొగుడు కనిపెడతాడు. విను. నువ్వు వనానోవి. నీకు తరియానా రాదు. ఎప్పుడూ రాలేదు."

"మామయ్య రోజూ మాట్లాడుతూనే ఉంటాడు కదా. నిన్న కుక్కతో వేళాకోళమాడితే నాకు నవ్వొచ్చింది. దగ్గుగా మార్చేశాను. ఎన్నాళ్లని దగ్గుతాను?"

"చచ్చేదాకా దగ్గు."

"ఆయన ముసలాయన. ఒక్కసారి, ఒక్క ముక్కకి బదులు దొరికితే ఎంత..."

"తెలుసు. నలభై ఏళ్లుగా ఆయన పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలీదా? అయినా చెబుతున్నాను. కళ్లు తుడుచుకో, అడుగుల చప్పుడు."

"ఏమే, చేపలు అందుకో. ఇవాళ ఏరు నాకు పిల్లచేపలే ఇచ్చింది, ముసలాణ్ణని లోకువ."

"తరియానాలో గొణిగితే నాకేం తెలుస్తుంది? తుకానోలో చెప్పు."

"కోడలికి చెప్పాను. ఏమన్నానో తెలిసిందా అమ్మాయీ?"

"తెలీలేదు మామయ్యా."

"ఒక్క ముక్క కూడానా?"

"ఒక్క ముక్క కూడా."

"నా వైపు చూసి చెప్పు."

"ఒక్క ముక్క కూడా తెలీదు మామయ్యా."

"మంచిది. బాగా చెప్పావు. గట్టెక్కి చాలాసేపైంది, తడిక వెనకే వింటూ నిలబడిపోయాను. ఇవాళ్టి నుంచి తరియానా నాకూ రాదు."