మామ కట్టిన మెట్లు

మైదుకూరు దగ్గరి దిగుడుబావిలోకి అత్త వెనకే, ఏడో నెల కడుపుతో కోడలు బిందె పట్టుకుని దిగుతోంది.

“ఇంత సులువు మెట్లు నేను యాడా చూడలేదత్తా. మా ఊరి బాయిలో అయితే మోకాలెత్తు ఉంటాయి.”

“మీ మామ కట్టినవి. వాళ్లమ్మ మోకాళ్లు పట్టేసి బాయి దిగలేకపోయేది.”

“అయితే మామ ఆయమ్మ కోసం కట్టినాడా?”

“ఆయమ్మ పోయినంక కట్టినాడు. అయినా ఆయప్ప చేతికి ఆయమ్మ కాలికందే ఎత్తు తప్ప ఇంగో ఎత్తు రాలేదు.”

“నాతో ఒక్క మాటా మాట్లాడడు. నామీద కోపమేమో అనుకుంటి.”

“నాతో మాత్రం ఏం మాట్లాడతాడు?”

నీళ్ల అంచున కోడలు ఆగింది. నిన్న తాను జారిన చోటు అది, ఎవరికీ చెప్పలేదు.

“ఈడ మెట్టు లేకుండె కదత్తా?”

“పొద్దున పరిచినాడు. పాచిలో కాలు జారిన గుర్తు చూసినాడంట. ఎవురి కాలని నేనడగలేదు, ఆయప్ప చెప్పలేదు.”