నాగజెముడు దిగ్విజయం

నాగజెముడు పండ్లరసం రక్తంలోని కొవ్వును జయించిందని లోకానికి చాటే మహాసభ కాసేపట్లో మొదలవనుంది. ఆ పరిశోధనా సైన్యానికి సేనాపతి అయిన అల్లుడు, రసం తాగడానికి పేరిచ్చిన వీరులలో ఒకరైన మామగారిని మూడో అంతస్తులోని తన గదికి పిలిపించి తలుపు మూశాడు.

“మామయ్యా, అందరికంటే మీ కొవ్వే ఎక్కువ తగ్గింది.”

“నీ పరువు నిలబెట్టాను కదా బాబూ! మరి శాలువా నాకా, నాగజెముడుకా?”

“హాస్యం కాదండీ. నేనిచ్చిన సీసాలు కాక ఇంకేమైనా తీసుకున్నారా?”

“అంటే... మీ అత్తయ్య కొవ్వు తగ్గడానికి వేసుకునే మాత్రలు.”

“ఆవిడవి మీరు మింగారా? మరి ఆవిడ?”

“ఆవిడకు నీ రసం పోశాను. ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషి. ఇంట్లోకి అంత గొప్ప మందు వస్తే ఆవిడకు కాక నాకెందుకయ్యా? రక్తపరీక్షలో నీ పరువు పోకూడదని ఆ మాత్రలు నేను వేసుకున్నాను.”

“ఎప్పటినుంచి?”

“నువ్వు మొదటి సీసా ఇచ్చినప్పటినుంచీ. ఏమిటలా చూస్తావు?”

“సగం మందికి రసం, సగం మందికి ఉత్త రంగునీళ్లు ఇచ్చాం మామయ్యా. ఎవరికి ఏది వెళ్లిందో నాకూ ఈ ఉదయమే తెలిసింది. మీకొచ్చినవి రంగునీళ్లు.”

మామగారు కుర్చీలోంచి దిగ్గున లేచారు.

“అత్తయ్య ఎక్కడ?”

“కింద. లిఫ్టు వద్దంది. నీ రసం పుణ్యమా అని పడుచుపిల్ల గుండె వచ్చిందట, మెట్లెక్కి వస్తానంది.”

అల్లుడు తలుపు తీసేసరికి మెట్ల మలుపు దగ్గర ఎవరో రొప్పుతున్న చప్పుడు.

“ఏమేవ్! అక్కడే కూర్చో! కదలకు, నేనే దిగుతున్నా!”