కొర్లయ్య కూకున్న బావి

ఏట్లో పాత రైలు వంతెన మొండి స్తంభాలున్నాయా, అందులో మూడోదాని కిందున్న ఇటికల బావి దగ్గరికి పశువు కూడా ఎల్లదు. ఎందుకో మీ పంతుల్నడగండి, తెల్లమొగం ఏస్తాడు. నేను బడికెల్లింది వానకి తలదాచుకోడానికే గానీ, ఈ సంగతి నాకు తెలిసినంత ఈ జిల్లాలో ఎవడికీ తెలీదు.

ఆ వంతెన కట్టినోడు ఆర్కిన్ దొర. తాడిచెట్టంత మనిషి. మా తాత ఆయన దగ్గర ఇసక తవ్వీవోడు. ఆ దొర బర్మాలో కట్టేడు, ఆఫ్రికాలో కట్టేడు, అక్కడ సింహాలు అడ్డొస్తే తప్పుకోమని గదమాయించి మరీ కట్టేడట. నవ్వకే గున్నమ్మా, నువ్వేటి సూసొచ్చేవా? అయితే ఎక్కడో ఆయన కట్టిందొకటి వరదకి కొట్టుకుపోయింది, ఇదీ పోతే కాలవమీద తూము కట్టడానిక్కూడా నిన్ను పిలిచేది లేదని పైవోళ్ళు చెప్పీసేరు.

మరి ఇసకమీద స్తంభం నిలవదు గదా, అంచేత గుండ్రంగా బావి కట్టి, లోపలి ఇసక తోడుతుంటే అది తన బరువుకి తనే దిగుతాది, అడుగున రాయి తగిలేక దానిమీద స్తంభం లేపుతారు. మొదటివి బుద్ధిగా దిగేయి. మూడోది ఓ పక్కకి ఒరిగిపోయింది. పైకి లేచిన అంచుమీద బరువుకని దొర రైలు పట్టాలు గుట్టగా పేర్పించేడు, అబ్బే, కదిలితేనా! అవతల కొండల్లో వాన మొదలైపోయింది, వరదొస్తే బావి బోర్లాపడతాది, బావితో పాటు దొర బతుకూ పడతాది.

ఎందుకొరిగిందీ? ఒరిగిన పక్క కొర్లయ్య కూకున్నాడు మరి! కొర్లయ్యెవడంటావేట్రా, అక్కడే పడవ నడిపి, అక్కడే మునిగి సచ్చి, అక్కడే దెయ్యమైనోడు. వంతెనొస్తే తనోళ్ళ పడవ ఎవడెక్కుతాడని ఆడి కోపం. న్యాయమే గదా?

ఆణ్ణి సూసి కూలోళ్ళంతా పరుగో పరుగు. మా తాత ఒక్కడే నిలబడ్డాడు, మా వంశంలో పారిపోడం లేదు, పాము కనబడితే తప్ప. అప్పుడు దొర మిట్టమద్దేన్నం బావెక్కి, దెయ్యం ఎదురుగా బాసింపట్టేసుకు కూకున్నాడు. ఆయనకొచ్చిన తెలుగంతా కూలోళ్ళ దగ్గర నేర్చిన తిట్లే, ఆ తిట్లతోనే మర్యాదగా మాటాడేడట. ఒరే కొర్లయ్యా, ఇది నీ బరువుకి ఒరిగిందంటే నేన్నమ్మను, గాలికొరిగింది, అన్నాడట. కొర్లయ్యకి రోషమొచ్చీసింది. అంత మొనగాడివైతే ఈ పక్క కూకుని ఇటొంచు సూద్దాం, అన్నాడట దొర. పిచ్చిమారాజు లేచొచ్చి పట్టాలమీద చతికిలబడ్డాడు. అంతే, గుర్రుమని ఇసక జారి, బావి తిన్నగా నిలబడి, రాయిమీదకి దిగిపోయింది!

దెయ్యం చేత చాకిరీ చేయించినోణ్ణి ఇంకోణ్ణి చూపించండి నాకు! ఊరికే కాదు, దొర ఆడితో, నేనొచ్చి చెప్పీవరకూ లేవకు, మీవోళ్ళకి వంతెన కాపలా పనిస్తానన్నాడు, ఇచ్చేడు కూడా. ఆ వరదొచ్చింది, పోయింది, వంతెన నవ్వుతా నిలబడింది. ఆ పేరుతో దొరని ఇంకో దేశం పిలిచింది, ఎల్లేడు, అక్కడ జ్వరంతో పోయేడు.

మనకి కొత్త వంతెనొచ్చింది, పాతదాని పట్టాలు పీకీసేరు, కానీ ఇక లేవొచ్చని కొర్లయ్యకి చెప్పీవోడు లేడు. అంచేత అటెల్లినోణ్ణల్లా పిలిచి, బాబూ, నడుం పట్టీసింది, కాసేపు నా చోట కూకో, అంటాడు.

ఎల్లకండి. ఎల్లినా కూకోకండి. మీ బక్క ఒళ్ళకి ఆ బావి ఆగదు.