అరవై తొమ్మిది కేసుల కొరత

నెల్లూరులో ఒక ఆసుపత్రి ఎక్స్‌రే గది, మధ్యాహ్నం అన్నాల వేళ. అక్కడ పని నేర్చుకుంటున్న విద్యార్థిని డెబోరా తన కేసుల పుస్తకం పట్టుకుని టెక్నీషియన్ పెంచలకృష్ణ వెంట పడింది.

“నా చేత్తో తీసినయ్యి వంద ఉండాలన్నా. ముప్పై ఒకటే ఉండాయి. సాయంత్రంలోపల పుస్తకం కాలేజీలో ఇయ్యకపోతే వచ్చే నెల పరీక్షకు కూర్చోనియ్యరు.”

“కూర్చోనియ్యకపోతే నిలబడి రాయి.”

“ఎకసెక్కాలొద్దన్నా. పాసైతే కావలి స్కానింగ్ సెంటర్లో ఉద్యోగమిస్తామన్నారు.”

“మరి నువ్వు తీసినవాటికి సంతకం పెట్టినా గదా. తియ్యనివాటికి ఎట్టా పెట్టేది?”

“తియ్యనిచ్చినారా? ఇంగ్లండ్ నించి ఆ స్టూడెంటు హెలెన్ దిగినకాడ్నించి బటన్ ఆమెదే. మోకాళ్లు ఆమెకి, మోచేతులు ఆమెకి. వెన్నుపూసలన్నీ ఆమెకి, వెన్నుపోటు నాకు.”

“శభాష్. నా దగ్గర ఇదన్నా నేర్చుకున్నావు.”

“ఇదొక్కటే నేర్చుకున్నా.”

“అట్టా అనబాక మే. ఆరు వారాల కోసం అంత దూరం నించి వచ్చిన పిల్ల. వాళ్ల దేశంలో పేషెంటు మీద చెయ్యెయ్యాలంటే పక్కనొకరు, వెనకొకరు ఉండాలంట. మనకి పేషెంట్లకు కరువా? అడిగిందల్లా తియ్యనియ్యమని పెద్దసారే చెప్పినాడు.”

“మరి నేను?”

“నువ్వు లేకపోతే ఆ పిల్లకు జరిగేదా? ‘ఊపిరి బిగబట్టు’ అని చెప్పింది నువ్వు. బోగోలు ముసలామెను బల్ల మీద తిప్పింది నువ్వు. బుచ్చి పిలకాయ తన్నతా ఉంటే కాళ్లు పట్టుకున్నది నువ్వు.”

“అయ్యి రాసుకోవచ్చా, పుస్తకంలో?”

“కాళ్లు పట్టుకున్నదానికి గడి లేదమ్మా దాంట్లో.”

“ఇప్పుడు మీ కాళ్లు పట్టుకోవాల్నా?”

“దానికీ లేదు.”

“పోయినేడు నిషాత్ అక్కావాళ్లకి తియ్యకుండానే పెట్టినారు గదా.”

“పోయినేడు పాత మిషను. ఈ కొత్తది బటన్ నొక్కినోళ్ల పేరు కూడా దాచి పెట్టుకుంటాది. కాలేజీవాళ్లు ఆ లిస్టు తెమ్మంటుండారు. నీకు కావలి ఉద్యోగం వస్తాదో రాదో గానీ, నాది మాత్రం పోతాది.”

“హెలెన్ పుస్తకంలో, ఆమె తీసేటప్పుడు పక్కన ఎవురుండారో సంతకం పెట్టే గడి ఉండాది గదన్నా.”

“ఉండాది.”

“అది నాచేత పెట్టించినారు.”

“నేను టీకి పోతా, వార్డుకి పోతా. పక్కన నిలబడింది నువ్వు. నిలబడినోళ్లే గదా పెట్టాల.”

“రెండొందల పన్నెండు పెట్టినా.”

“దానికేందిప్పుడు?”

“అది నేర్పించినోళ్లు పెట్టే గడంటన్నా. పొద్దున వాళ్ల కాలేజీ నించి ఈమెయిల్ వచ్చింది. ‘డెబోరా మేడం గారికి’ అని.”

“మేడమా?”

“మా పిల్లకు చక్కంగా నేర్పించినారు, వచ్చే నెల ఇంకా ఆరుగురిని పంపిస్తుండాం, వాళ్లకీ మీరే నేర్పించాల అని.”

“పెద్దసారుకు చెప్పినావా?”

“ఏమని చెప్పేది? నేనింకా పరీక్షే రాయలేదని వాళ్లకి జవాబు పెడతా.”

“పిచ్చి పని చెయ్యబాక. సరేనని పెట్టు. వచ్చే నెల నీకెట్టాగూ పరీక్ష లేదు గదా, ఖాళీగానే ఉంటావు.”