అల్లుడు చేసిన సాండ్విచ్

యార్క్‌షైర్‌లో థార్న్‌రాయిడ్ అనే పల్లె. క్రికెట్ మైదానం పక్కనున్న వంటగది. తొమ్మిదేళ్ల కిందట అమెరికా నుంచి వచ్చి ఈ ఊరి అల్లుడైన లోవెల్ పళ్లేలు కడుగుతున్నాడు. జట్టు కెప్టెన్, అతని మామగారు ఆర్నాల్డ్, ప్యాడ్లు కూడా విప్పకుండా లోపలికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. టీ విరామంలో పెట్టిన సాండ్విచ్‌లలో ఒక్కటి కూడా మిగల్లేదు. చేసినవాడు ఎవడైనా సంతోషించాల్సిన సంగతే.

"సోడా ఇవ్వు అల్లుడూ. ఏమీ అడగకు, ముందు సోడా ఇవ్వు."

"అదేంటి మావయ్యా, నలభై కొట్టారుగా! చప్పట్లు కూడా కొట్టాను."

"రనౌట్."

"మీరా? ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా రనౌట్ కాలేదని అత్తయ్య ఊరంతా చెబుతుంది!"

"ఇక చెప్పదులే. పది ఫోర్లు కొట్టింది ఎందుకనుకున్నావు? పరిగెత్తక్కర్లేదని. ఆ ఒక్క పరుగు దగ్గర దొరికిపోయాను. నేనొచ్చాను గానీ నా పొట్ట అవతలే ఆగిపోయింది."

"ఎండదెబ్బేమో."

"యార్క్‌షైర్‌లో ఎండదెబ్బా? బయట అనకు, నవ్వుతారు."

"అయితే... నా సాండ్విచ్‌లంటారు."

"నేనన్నానా? బాగున్నాయి. చాలా బాగున్నాయి. ఒక్కోటీ మా అమ్మాయి జానెట్ పుట్టినప్పుడు ఎంత బరువుందో అంతుంది. అంతే."

"ఎన్ని తిన్నారు?"

"మూడు."

"మూడా! మావయ్యా, మా అయోవాలో పొలం దున్నొచ్చినవాడు కూడా ఒకటి తిని పడుకుంటాడు!"

"ఆ ముక్క టీకి ముందు చెప్పాలి నాయనా."

"చూస్తే తెలీదా? నాలుగు పొరల మాంసం, రెండు రకాల చీజ్, టమాటా, ఊరబెట్టిన దోసకాయ... కూలిపోకుండా పైనుంచి పుల్ల కూడా గుచ్చాను."

"మీ అత్తయ్య చీటీ రాసిచ్చిందిగా? కుడి మణికట్టు విరిగితే పాపం ఎడమ చేత్తో రాసింది."

"రాసింది. వెన్న అంచుదాకా పూయాలి. లోపల దోసకాయ, లేకపోతే గుడ్డు, లేకపోతే ఒక్క పొర హామ్ మాంసం. అంచులు కోసెయ్యాలి, నాలుగు ముక్కలు చెయ్యాలి. అది చదివి, నొప్పితో సగంలో ఆపేసిందనుకున్నాను మావయ్యా. మిగతా సగం నేను పూర్తి చేశాను."

"అదే మొత్తం."

"ఇప్పుడు తెలుస్తోంది! ఆ దోసకాయ ఉందో లేదో రొట్టె ఎత్తి వెతుక్కోవాలి. మావైపు సాండ్విచ్ అంటే భోజనం. మీవైపు భోజనానికి ముందు పెట్టుకునే దణ్ణం."

"ఏయ్, వేరుశెనగ ముద్ద పూసి దాని మీద జెల్లీ వేసుకుని తినే జాతివి, మమ్మల్నంటావా?"

"అది మీ పళ్లెంలో వణికే జెల్లీ కాదు, పండ్ల జామ్ లాంటిది! ఎన్నిసార్లు చెప్పాను? అయినా మీరు రొట్టెల మధ్య చిప్స్ పెట్టుకుని నమలరా?"

"ప్యాకెట్లో వచ్చేవి క్రిస్ప్స్. వేడివేడిగా నూనెలోంచి తీసి పెడితేనే చిప్స్. తొమ్మిదేళ్లయింది, ఆ మాత్రం తేడా..."

"ఏదైనా బంగాళాదుంపే కదా! ఆ గుండ్రటి బన్ను సంగతి చూడండి. ఇక్కడ టీకేక్ అనాలి. కొండ దాటితే బార్మ్ అనాలి. దక్షిణానికి ఓ గంట పోతే కాబ్ అనాలి. ఎక్కడ ఏమనాలో ఎవడికి గుర్తుంటుంది?"

"ఎవడికీ గుర్తుండదు. ఊరు దాటితే మేం కూడా వేలు పెట్టి చూపిస్తాం. ఆ అరుపేంటి? కిటికీలోంచి చూడు, నేను లేవలేను."

"రోలాండ్ గారు బౌల్డ్. బ్యాటు ఎత్తనే లేదు!"

"ఎలా ఎత్తుతాడు? నాలుగు తిన్నాడు."

"నాలుగా! మావయ్యా, నూట ఇరవై ఎనిమిదికి ఏడు వికెట్లు. నూట నలభై నాలుగు కావాలి. ఓడితే..."

"ఓడితే కింది డివిజన్‌కి పోతాం. నాకు చెబుతున్నావా?"

"అవతలి జట్టు, ఆ కిర్క్‌బెక్ వాళ్లు కూడా ఇవే తిన్నారుగా! వాళ్లు కుందేళ్లలా గెంతుతున్నారే?"

"వాళ్లెక్కడ తిన్నారు? తలా ఓ ముక్క కొరికి, ఆహా బ్రహ్మాండం అని, మిగతాది కాగితాల్లో చుట్టి సంచుల్లో దాచేశారు. నేను చూశాను."

"మరి మీరంతా అలాగే దాచెయ్యొచ్చుగా!"

"ఎలా దాస్తాం? నువ్వేమో ఏప్రన్ కట్టుకుని గుమ్మంలో నిలబడి, మా నోళ్లకేసే చూస్తుంటివి."

"బాగున్నాయో లేదోనని..."

"ఆ మొహం చూస్తూ ఎవడు వదిలేస్తాడు? రోలాండ్ అందరి చెవుల్లోనూ ఊదాడు. పొద్దున్న ఆరింటి నుంచి చేశాడు మనవాడు, ఒక్కటి మిగిలినా చిన్నబోతాడు, కానివ్వండర్రా అని."

"మనవాడు అన్నాడా?"

"ఆఁ, అన్నాడులే. ఇంకాస్త సోడా పొయ్యి."

"రోలాండ్ గారే అన్నారా? నాతో ఎప్పుడూ వాన గురించి తప్ప మాట్లాడరే!"

"మాతో మాత్రం ఏం మాట్లాడతాడు?"

"తొమ్మిదేళ్లు మావయ్యా. ఈ ఊళ్లో నేనింకా 'ఆ అమెరికా ఆయన'నే. ఈ ఒక్క టీతో మీలో ఒకణ్ణయిపోదామనుకున్నాను. పెద్ద వంటవాణ్ణి బయల్దేరాను! చివరికి జట్టునే ముంచాను. వచ్చే ఏడాది పళ్లేలు మాత్రం కడుగుతాను. రొట్టె ముట్టను."

"మళ్లీ అరిచారు."

"ఎనిమిదోది. క్యాచ్... కాదు కాదు, నడుస్తూ నడుస్తూ దారిలో ఆగిపోయాడు. రనౌట్."

"ఎన్నయ్యాయి?"

"నూట ముప్ఫై ఆరు. అబ్బ, పెర్సీ కొట్టాడు! మూడు వచ్చాయి. ఇంకా ఐదే మావయ్యా, ఐదే... అయ్యో."

"ఏమైంది?"

"ఈ చివర్న ఉన్నవాడు అవుట్. తొమ్మిది. నెవిల్ రాలేదుగా, ఉన్నది పదిమందే. అయిపోయింది. కిర్క్‌బెక్ వాళ్లు చేతులు కలుపుకుంటున్నారు. నన్ను క్షమించండి మావయ్యా."

"తర్వాత క్షమిస్తాను. ముందు కిటికీలోంచి కేకెయ్యి, ఆగమను. ఇంకొకడున్నాడని చెప్పు."

"ఎవడున్నాడు? మీరు ప్యాడ్లు విప్పేస్తున్నారేంటి?"

"కాలు చాపు."

"నా కాలా?"

"నీదే. నెవిల్ రాడని పొద్దున్నే తెలిసింది. పదకొండో పేరు నీది రాశాను."

"నాదా! మరి ఫీల్డింగ్‌కి పిలవలేదే?"

"రొట్టెలు కోస్తున్నావుగా. పదిమందితో ఫీల్డింగ్ చెయ్యొచ్చు. టీ లేకపోతే ఆటే లేదు."

"ఒక్కమాట చెప్పొచ్చుగా!"

"చెబితే కంగారుపడి వేలు కోసుకుంటావని. రెండో కాలు."

"మావయ్యా, నాకు బ్యాటు ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలీదు. నేను వెళ్తే పోయినట్టే. ఇంకెవరైనా..."

"బంతి ఎక్కడ తగిలినా సరే, పరిగెత్తు. అవతల పెర్సీ ఉన్నాడు, వాడు రెండే తిన్నాడు, ఎలాగోలా ఈడ్చుకొస్తాడు."

"నావల్ల కాదు మావయ్యా! ఇంతమందిలో నేనే ఎందుకు?"

"ఎందుకా? మన జట్టు మొత్తంలో నీ సాండ్విచ్ తిననివాడివి నువ్వొక్కడివే!"