మహానందమ్మ కుట్టిన డేరా

కంబగిరి అని మా ఊళ్లో మోటర్లకు వైండింగ్ చేసేవాడు ఒకడుండె. చేతిపని గట్టిది, నోరు మెత్తంది. ఆయప్పకు ఒకటే పిచ్చి. బండి మీద సామాన్లు కట్టుకోని దూరం పోవాల, యాడన్నా నీళ్ల పక్కన డేరా ఏసుకోని పండుకోవాల. ఫోన్లో ఎవురెవురో పోయేటివి చూసి చూసి పట్టుకున్న పిచ్చి అనుకో. నవ్వొద్దప్పా, దాంట్లో సగం నాది. దస్తగిరి అనేవాడు తోడు లేకపోతే కంబగిరి ఊరు దాటేవాడు కాదని అందరూ అనేవాళ్లు. ఆ దస్తగిరిని నేనే, మీ ముందర కూచోని చెప్తాండానే, నేనే.

ఏమైందంటే, ఆ యేడు వానల్లేక శ్రీశైలం డ్యాములో నీళ్లు బాగా కిందికి పాయ. డ్యాము కట్టినప్పుడు మునిగిపోయిన ఊళ్లు ఒక్కొక్కటి బయటపడబట్టె. గోడలు, మెట్లు, బండలు, అన్నీ. దాంట్లో గుండ్లమడుగు ఒకటి. ఆడికే పోదామనె కంబగిరి. ఇంగ చూడు, నెల దినాలు ఒకటే తయారు. బండికి వెనక ఇనపకడ్డీలతో క్యారియరు వెల్డింగు చేపిచ్చినాడు. చైను కొత్తది ఏపిచ్చినాడు. క్లచ్చి వైరు ఎగస్ట్రా ఒకటి, పంచరు సామాను, గాలిపంపు. పాత మంచం గొట్టాలు కోసి డేరాకు కాళ్లు చేసినాడు. డేరా గుడ్డ యాడిది అనుకున్యారు? ఎలక్షన్లప్పటి ఫ్లెక్సీలు! పైన తెల్లంగ, లోపల పండుకోని చూస్తే నాయకుడు మనకే దండం పెడతా కనపడతాడు. అది కుట్టింది కంబగిరి పెండ్లాం మహానందమ్మ. రైకలు కుట్టే మిషను మీద అంత మందం గుడ్డ కుట్టేసరికి మూడు సూదులు ఇరిగిపాయ, నాలుగోది బొటనేల్లో దిగె. పేలిక చుట్టుకోని మళ్లా కుట్టిందంట, నోరెత్తకుండా.

ఒక పొద్దు నేను వాళ్ల గడప మీద కూచోని టీ తాగుతాండా. మహానందమ్మక్క మిషను ఆపి అడిగె, "ఏమయ్యా, ఇంతకీ ఏ ఊరి కాడ ఏస్తారు దీన్ని?" అని. "గుండ్లమడుగు కాడ" అన్యాడు కంబగిరి, ప్లగ్గు తుడుచుకుంటా. ఆయమ్మ చెయ్యి మిషను చక్రం మీద అట్లనే నిలబడిపాయ. గుండ్లమడుగు ఆయమ్మ పుట్టిన ఊరప్పా! పదేండ్ల పిల్లప్పుడు, నీళ్లొస్తాండాయని ఎడ్లబండ్లో ఎక్కిచ్చి తీస్కొచ్చినారంట. మళ్లా చూసింది లేదు. "మా ఇల్లు బయటపడిందా?" అనె. "ఏమో, ఊరైతే పడిందంట" అనె కంబగిరి. "నేనూ వస్తా" అనె ఆయమ్మ. కంబగిరి నగినాడు. "బండి మీద ముగ్గురమా? ఆడమనిషివి ఆ బురదలో యాడ పండుకుంటావు? వచ్చే యేడు బస్సులో పిల్చుకపోతాలే" అన్యాడు. ఆయమ్మ నా తట్టు చూసె. నేనేం చేసినా? లోటాలో టీ అయిపోయినా తాగుతానే ఉండా. "అక్కా, నేను ఆగిపోతా, నువ్వు పో" అనాల. అంతే గదా, ఒక్క మాట. రాలే నోట్లోంచి.

మళ్లా ఆయమ్మే అనె, "మా వాకిట్లో బండలోనే తొలిచిన రోలు ఉంటాది, మూడు మెట్ల పక్కన. కనపడితే ఆడ రవ్వంతసేపు నిలబడి రాండి. ఏం తేవాకండి" అని. నిప్పట్లు, ఉల్లిగడ్డ కారం, బొరుగులు మూట కట్టిచ్చె.

పోయినాం. పోయేసరికి మధ్యాన్నం దాటె. యాడ చూసినా బురద, ఒక చోట మాత్రం సదునుగ బండలు, పక్కన మోకాలెత్తు గోడ. బాగుంది అనుకోని ఆడనే డేరా ఎత్తినాం. గాలి చూడప్పా, నాయకుడు ఎగిరిపోతాండాడు! "ఈ గోడ రాళ్లు పీకి డేరా అంచుల మీద అదుము పెడదాం" అంటి. అన్నది నేనే. పీకినాం, ఇరవైయో ముప్పైయో. పొయ్యికి ఇంగో మూడు. బువ్వ తిని సంతోషంగ పండుకున్నాం. తెల్లారి కంబగిరి బిందెతో నీళ్లు తెచ్చి డేరా కాళ్ల కాడ బురద కడుగుతాంటే, మట్టి జారి గుండ్రంగ గుంత కనపడె. రోలు! దాని పక్కన కడిగితే మెట్లు. ఒకటి, రెండు, మూడు. అక్క చెప్పిన వాకిలి అదే. ముప్పై ఏండ్లకు పైన నీళ్లల్లో నిలబడిన గోడ, మేము ఒక్క గంటలో పీకి పెట్టినాం. మళ్లా పేర్చాలని చూస్తిమి. ఏ రాయి యాడిదో తెలిస్తే గదా! పెట్టింది పెట్టినట్టే పడబట్టె. మధ్యాన్నం దాకా పేర్చి, చేతకాక, ఇంగో రాత్రి ఉండాల్సినోళ్లం ఆ పొద్దే తిరుక్కున్నాం.

ఇంటికాడ ఆయమ్మ చేతులు తుడుచుకుంటా ఎదురొచ్చె. "కనపడిందా ఇల్లు?" కంబగిరి బండి స్టాండు ఏసుకుంటా తలెత్తకుండా, "లేదు మే. అంతా బురద. గోడలేవీ లేవు" అన్యాడు. నేను తాడు ముడి ఇప్పుతా ఉండిపోతి. "పోనీలే, అన్నేండ్లు నీళ్లల్లో యాడ నిలబడతాది" అనుకోని మా ఇద్దరికీ అన్నం పెట్టె. ఆ అన్నం ఎట్ల తిన్నామో అడగొద్దు.

నాలుగేండ్లకు మళ్లా నీళ్లు తగ్గె. ఈసారి కంబగిరి ఆయమ్మ కోసరమే తయారు చేసినాడు. వెనక సీటుకు మెత్తగ స్పాంజి కుట్టిచ్చి, కాళ్లు పెట్టుకునేదానికి పలక ఏపిచ్చి, "పోదాం రా" అన్యాడు. "బురద చూసేదానికి అంత దూరమా?" అనిందంట. రెండు దినాలు అడిగినా అదే మాట. మూడో దినం నన్ను పిలిపిచ్చి, నా ముందర ఆయమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేసినాడు. రోలు, మెట్లు, రాళ్లు, అన్నీ. ఆయమ్మ అరుస్తాది అనుకున్నా నేను. అరవలే. "రాళ్లు తెలీక పీకినారు, దానికేం లేదు. అడిగినప్పుడు లేదన్యావే, అది. నాలుగేండ్లు ఆ ఇల్లు లేదనుకోని మనసు కుదురు చేసుకున్నా. ఇప్పుడు ఉందంటావు. పోయి చూసి, మళ్లా దాన్ని నీళ్లకిచ్చి రావాల్నా? ఒకసారి ఇచ్చొచ్చినాం, చాలు. నా చేత కాదు" అని లేసి లోపలికి పాయ. కంబగిరి బండి తీసుకోని ఒక్కడే బయల్దేరి, సందు మలుపు కాడ్నుంచే తిరిగొచ్చినాడు.

అంతేనప్పా. ఇప్పుడు డ్యాము నిండుగుంది. గేట్లు ఎత్తినారంటే మనోళ్లు కార్లేసుకోని చూసేదానికి పోతాండారు, నన్నూ రమ్మంటారు. మోకాళ్ల నొప్పులు, రాలేనని చెప్తా. మోకాళ్లకేం, బాగనే ఉండాయి.