నలభై అడుగుల రోడ్డుకు ఈవల

1972 జూలై మూడవ తేదీన విశాఖపట్నంలోని మా నీటి సరఫరా విభాగంలో సహాయ ఇంజనీరుగా బదిలీపై వచ్చి చేరిన శ్రీ గురునాథరావు గారు, నిర్వాసితుల కాలనీకి కుళాయి నీరు అందించడాన్నే తొలి బాధ్యతగా స్వీకరించి, పదహారేళ్ల అనంతరం, ఆ బాధ్యత తీరకుండానే నేడు పదవీ విరమణ చేస్తున్నారు.

పరిశ్రమ కోసం ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలకు ఏడాదిలో నీళ్లిస్తామని సభలో మాట ఇచ్చినవారు పెద్దలు. వారు బదిలీలపై వెళ్లిపోగా, ఆ మాటకు జవాబుదారీగా మిగిలినవారు గురునాథరావు గారు. 1975 నాటికి రోడ్డుకు ఈవల గొట్టాలు ఆయన పూర్తి చేయించారు. ఆవలి గొట్టాలు మరో శాఖవి; అవీ పూర్తయ్యాయి. నడుమనున్న నలభై అడుగుల రోడ్డు ఇంకో శాఖది. దాన్ని తవ్వాలంటే ముగ్గురు అధిపతులూ ఒకే కాగితంపై సంతకం చేయాలి. సమన్వయ సమావేశాలకు లోటు లేదు. నిర్ణయాధికారం లేనివారందరూ క్రమం తప్పక విచ్చేసి, ఉప్మా ఆరగించి, తదుపరి సమావేశానికి తేదీ నిర్ణయించి వెళ్లేవారు. రెండు సంతకాలు కుదిరేసరికి మూడో కుర్చీలోకి కొత్తవారు వచ్చి, ఫైలు మొదటి నుంచి చూస్తామనేవారు. ముగ్గురినీ కూర్చోబెట్టి, ఇది నా పని అనగలిగిన నాయకుడు పదమూడేళ్లలో ఒక్కడూ కనబడలేదు. అభినందన సంచికలో ఇలా రాయకూడదేమో, కానీ కడుపు మండి రాయక తప్పడం లేదు.

1981 వేసవిలో ఓ ఆదివారం ఉదయం, ఓర్పు నశించిన ఆయన మేస్త్రీ తవిటయ్యనూ పన్నెండుమంది కూలీలనూ వెంటబెట్టుకుని స్వయంగా రోడ్డు మీదికి వెళ్లారు.

"కాయితం నేదు కద బాబూ, నీ ఉజ్జోగం ఊడిపోద్దేటో!" అన్నాడు తవిటయ్య.

"ఊడితే ఊడనీ, నువ్వు తవ్వవయ్యా" అన్నారు ఆయన.

ఆరడుగులు తవ్వేసరికి అధికారుల జీపు వచ్చి పని ఆపించింది. ఆయన సర్వీసు మొత్తంలో ఆలస్యం లేకుండా అందిన ఉత్తర్వు మర్నాటి మెమో ఒక్కటే. రెండు పదోన్నతులు దాంతో పోయాయి. గుంత మాత్రం ఆ సాయంత్రమే పూడ్చేశారు. అందుకు ఏ శాఖ అనుమతీ అవసరం కాలేదు.

గత వారం ఆయన కాలనీకి వెళ్లి, గంగాలమ్మ అనే వృద్ధురాలికి చేతులు జోడించి, రిటైరవుతున్నానని, మాట నిలబెట్టుకోలేకపోయానని చెప్పారు. ఆమె చంకలోని బిందె దింపింది.

"నువ్వెల్లిపోతే మా గురించి అడిగీవోలెవులు బాబూ? నీల్లొచ్చీదాకా నువ్వు సల్లగా బతకాల."



శ్రీ గురునాథరావు గారికి సంపూర్ణ ఆరోగ్యాన్నీ, నిండు నూరేళ్ల ఆయుష్షునూ ప్రసాదించమని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాము. మన శాఖల తీరు తెలిసినవారం కనుక, గంగాలమ్మ కోరిక తీరడానికి ఆ నూరేళ్లు చాలవేమోనని, మరికొన్ని ఏళ్లు అదనంగా వేడుకుంటున్నాము.